కాలదోషం ఎవరికి? స్థానిక సంస్థల చేతిలోని వ్యక్తిగత సమాచారం, ఫిర్యాదుల గడువు: ఒక సమీక్ష

ప్రశ్న, పదాలు

అప్పు నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందన్న సంగతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అక్షరం రానివారికి కూడా తెలుసు. గడువు నిండకముందే నోటు వెనుక కొంత జమ రాయించి, సంతకమో వేలిముద్రో పెట్టించుకొని, లెక్కను తిరిగి మొదటికి తెచ్చుకునే జాగ్రత్త అక్కడి లావాదేవీల్లో చాలాకాలంగా ఉంది. అదే మనిషి గ్రామ సచివాలయంలో తన ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతా వివరాలను, జబ్బు పేరును ఇచ్చి వేలిముద్ర వేసినప్పుడు, ఆ సమాచారం దారి తప్పితే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఎన్ని రోజుల్లోగా చేయాలో, ఆ రోజులను ఏనాటి నుంచి లెక్కపెట్టాలో బాగా చదువుకున్నవారు సైతం వెంటనే చెప్పలేరు. దీనికి చట్టాల్లో సమాధానాలు లేకపోలేదు. అవి అరడజనుకు పైగా చట్టాల్లో చెదిరి ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు. వాటిని ఒకచోట చేర్చి, పొంతన ఎక్కడ ఉందో, లోటు ఎక్కడ ఉందో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం.

చర్చకు ముందు మూడు పదాల అర్థాన్ని స్థిరపరచుకోవాలి. వ్యక్తిగత సమాచారం అంటే ఒక మనిషిని గుర్తుపట్టడానికి వీలు కల్పించే ఏ వివరమైనా సరే: పేరు, ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్య, కులం, ఆదాయం, ఆరోగ్య స్థితి అన్నీ ఇందులోకి వస్తాయి. స్థానిక సంస్థ అంటే గ్రామ పంచాయతీ, మండల, జిల్లా పరిషత్తులు, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ. రాజ్యాంగం 12వ అధికరణం స్థానిక సంస్థలను కూడా ‘రాజ్యం’ అన్న మాటలో చేర్చింది కాబట్టి, ప్రాథమిక హక్కులను గౌరవించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానికి ఎంత ఉందో పంచాయతీకీ అంతే ఉంది. కాలపరిమితి అంటే హక్కును అడగడానికి చట్టం ఇచ్చే గడువు. ఆ గడువు దాటిన స్థితినే కాలదోషం అంటారు. కాలదోషం పట్టినంత మాత్రాన జరిగిన అన్యాయం న్యాయం కాదు. దాన్ని విచారించే తలుపు మాత్రం మూసుకుపోతుంది.

సచివాలయంలో చేరిన సమాచారం

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగాక ఈ రెండు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం నగరపాలక సంస్థలు, ఆమదాలవలస, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, బొబ్బిలి, రాజాం పురపాలక సంఘాలు, నెల్లిమర్ల నగర పంచాయతీ, వందల సంఖ్యలో గ్రామ పంచాయతీలు ఉన్నాయి. ఒకప్పుడు ఈ కార్యాలయాల చేతిలో ఉన్న వ్యక్తిగత సమాచారం ఇంటి పన్ను పుస్తకం, జనన మరణాల రిజిస్టరు, రేషను జాబితాల వరకే ఉండేది. అవి బీరువాలో ఉండేవి, చూడాలంటే బీరువా తాళం కావాలి. 2016 జులైలో మొదలైన ప్రజా సాధికార సర్వే ఇంటింటికీ తిరిగి కుటుంబ వివరాలను ట్యాబుల్లోకి ఎక్కించడంతో స్థితి మారింది. 2019 అక్టోబరు 2న రాష్ట్రమంతటా గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ ఆరంభమైంది. దాదాపు 15 వేల సచివాలయాలు, గ్రామాల్లో సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లు ఏర్పడ్డారు. పింఛను, రేషను, విద్యా దీవెన, ఇంటి స్థలం, ఏది కావాలన్నా ‘హౌస్‌హోల్డ్ మ్యాపింగ్’లో పేరు ఉండాలి, ఈ-కేవైసీ పూర్తి కావాలి, వేలిముద్ర పడాలి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి కూడా వచ్చాయి.

ఈ ఏర్పాట్ల వల్ల ప్రజలకు దక్కిన మేలును తక్కువ చేయనక్కరలేదు. ధ్రువపత్రం కోసం మండల కేంద్రానికి నాలుగుసార్లు తిరిగే శ్రమ తగ్గింది. అయితే సమాచారం పోగైన కొద్దీ బాధ్యత ఎవరిదన్నది మసకబారింది. సచివాలయ ఉద్యోగి కూర్చునేది పంచాయతీ లేదా పురపాలక పరిధిలో, నియామకం, పర్యవేక్షణ రాష్ట్ర శాఖలవి, సమాచారం నిలిచే సర్వర్లు రాష్ట్ర స్థాయివి. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను నగదు పంపిణీ నుంచి తప్పించి, వారికిచ్చిన ఫోన్లు, ట్యాబులను అప్పగించాలని ఆదేశించింది. ఆ తర్వాత ఆ వ్యవస్థ కొనసాగలేదు. సమాచారం సేకరించిన చేయి ఇప్పుడు పదవిలో లేదు, సేకరించిన సమాచారం మాత్రం ఉంది. ఇలాంటి చోట ఫిర్యాదు ఎవరి మీద అన్న ప్రశ్న తేలేలోపే గడువు కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఆ ప్రమాదం పెరగడానికి ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు రెండున్నాయి. మొదటిది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వల్ల వేలాది కుటుంబాలు పరీక్షా శిబిరాల్లో రక్తం ఇచ్చాయి, డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది, 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పింఛను రకాన్ని బట్టే జబ్బు తెలిసిపోయే చోట, లబ్ధిదారుల జాబితాను గోడకు అంటించడమంటే వైద్య నివేదికను అంటించినట్టే. పెళ్లి సంబంధం, కూలి పని, అప్పు పుట్టడం, మూడూ ఆ ఒక్క కాగితంతో ముడిపడతాయి. రెండోది వలస. ఈ జిల్లాల నుంచి విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నైలకు కూలి పనికి, గుజరాత్ తీరానికి చేపల వేటకు వెళ్లినవారు సంక్రాంతికో, ఊరి అమ్మవారి పండుగకో తిరిగివస్తారు. ఆషాఢంలో అంటించిన జాబితా సంగతి పుష్యంలో తెలిసినవారికి ఆరు నెలలు ముందే ఖర్చైపోయి ఉంటాయి.

దారి తప్పిన సందర్భాలు

ఈ ఆందోళన ఊహ మీద నిలిచింది కాదు. 2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక వెలువరించింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు ఎవరైనా చూడగలిగే స్థితిలో ఉన్నాయని అది చూపింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల నివేదికలది, రెండోది చంద్రన్న బీమా పథకానిది. నాలుగు చోట్లా కలిపి 13 నుంచి 13.5 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండవచ్చని నివేదిక అంచనా వేసింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల లబ్ధిదారుల ఆధార్ వివరాలు కనిపిస్తున్నట్టు పత్రికలు బయటపెట్టాక వాటిని మూసివేశారు. అదే ఏడాది తెలంగాణలో, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉంచిన భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, వాటి నకళ్లు తయారుచేసి, సిమ్ కార్డులు చేయించిన కేసు వెలుగుచూసింది.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది: నష్టపోయినవారికి నష్టం తమంతట తాము తెలియలేదు. ఉపాధి కూలీకి తన ఖాతా సంఖ్య ఏ వెబ్‌సైటులో ఉందో వెతకాలన్న ఆలోచనే రాదు. పరిశోధకుడో పత్రికో బయటపెట్టాక, చాలాకాలం తర్వాత, అదీ కొందరికే తెలుస్తుంది. అప్పు నోటుకూ సమాచార నష్టానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. అప్పిచ్చినవాడికి అప్పు ఇచ్చిన రోజే తెలుసు కాబట్టి మూడేళ్ల లెక్క అతనికి న్యాయమైనది. సమాచారం పోగొట్టుకున్నవాడికి పోయిన రోజు తెలియదు.

హక్కుకు పునాది

గడువుల చర్చకు ముందు హక్కు ఏదో చెప్పుకోవాలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. అంతకు పన్నెండు పదమూడేళ్ల ముందే ఈ హక్కుకు తెలుగు నేల మీద ఒక పునాదిరాయి పడింది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులో, ఇతర చోట్ల ప్రవేశించి పత్రాలు తనిఖీ చేయవచ్చని చెప్పగా, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకుల మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. పత్రం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారుడి గోప్యత పోదని, గోప్యత మనిషికి అంటిపెట్టుకొని ఉంటుందని ఆ తీర్పు సారం. పింఛను కోసం సచివాలయంలో ఇచ్చిన వైద్య నివేదికకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది: ఇవ్వడం అంటే వదులుకోవడం కాదు.

ఆధార్ విషయంలో చట్టం మరింత సూటిగా ఉంది. 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ ఆధార్ సంఖ్యలను బహిరంగంగా ప్రచురించడాన్ని, ప్రదర్శించడాన్ని, నిబంధనలు అనుమతించిన ప్రయోజనాలకు తప్ప, నిషేధిస్తుంది. గుర్తింపు సమాచారాన్ని అక్రమంగా వెల్లడిస్తే 37వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. మొదట్లో ఈ నేరాలపై ఆధార్ ప్రాధికార సంస్థ ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకునేది; 2019 సవరణ తర్వాత 37వ సెక్షన్ వంటి కొన్నింటిలో బాధితుడే నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు.

పౌరుడి మీద నడిచే గడువులు

నష్టపరిహారం కోసం సివిల్ కోర్టులో దావా వేయాలంటే 1963 నాటి కాలపరిమితి చట్టమే కొలమానం. ఆ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఎదుటి పక్షం ఆ మాట ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయాల్సిందే. ప్రభుత్వ సంస్థల మీద దావాల్లో రెండు అధికరణాలు పోటీపడతాయి. ఏదైనా శాసనాన్ని అనుసరించి చేసిన పనికి, చేయకపోవడానికి పరిహారం అడిగితే 72వ అధికరణం కింద ఏడాది గడువు, అది కూడా పని జరిగిన రోజు నుంచి. మరే అధికరణంలోనూ ఇమడని దావాలకు 113వ అధికరణం కింద దావా హక్కు పుట్టిన నాటి నుంచి మూడేళ్లు.

ఏడాదా, మూడేళ్లా అన్న ఈ ప్రశ్న తేలింది కూడా ఆంధ్రప్రదేశ్ కేసులోనే. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉన్న తండ్రీ కొడుకుల మీద 1977లో బాంబు దాడి జరిగి తండ్రి చనిపోగా, కొడుకు వేసిన పరిహారపు దావాలో ప్రభుత్వం 72వ అధికరణాన్ని ఆశ్రయించింది. ఉద్యోగుల నిర్లక్ష్యం శాసనాన్ని అనుసరించి చేసిన పని కాదని, కాబట్టి 113వ అధికరణమే వర్తిస్తుందని హైకోర్టు చెప్పింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పేరుపొందిన ఆ వివాదంలో 2000లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, ప్రాథమిక హక్కు భంగమైనప్పుడు సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోలేదని కూడా తేల్చింది. ఈ తర్కాన్ని సమాచారానికి అన్వయిస్తే, లబ్ధిదారుల ఎంపిక శాసనాన్ని అనుసరించిన పని కావచ్చు గాని, వారి ఖాతా సంఖ్యలను తాళం లేకుండా వదిలేయడం నిర్లక్ష్యమే. దానికి మూడేళ్ల గడువు ఉండాలన్న వాదనకు గట్టి ఆధారం ఉంది. అయితే దావాకు ముందు ప్రభుత్వానికి, ప్రభుత్వోద్యోగికి సివిల్ ప్రక్రియా స్మృతి 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలన్నది మరవరాదు.

మానవ హక్కుల కమిషన్‌ది మరింత బిగువైన గడువు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఉల్లంఘన జరిగినట్టు చెబుతున్న రోజు నుంచి ఏడాది దాటితే జాతీయ కమిషన్ గాని రాష్ట్ర కమిషన్ గాని విచారించరాదు. ఇక్కడా లెక్క జరిగిన రోజు నుంచే, తెలిసిన రోజు నుంచి కాదు.

క్రిమినల్ చట్టం ఈ విషయంలో ఎక్కువ మానవీయంగా ఉంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్, కేవలం జరిమానా పడే నేరాలకు ఆరు నెలలు, ఏడాది లోపు శిక్ష ఉన్నవాటికి ఏడాది, మూడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటికి మూడేళ్లు గడువు పెట్టింది. తర్వాతి సెక్షన్ మాత్రం, నేరం జరిగిన సంగతి బాధితుడికి తెలియకపోతే అతనికో పోలీసు అధికారికో మొదటిసారి తెలిసిన రోజు నుంచే లెక్క మొదలవుతుందని చెప్పింది. తెలిసిన రోజు అనే సూత్రం భారతీయ చట్టానికి పరాయిది కాదనడానికి ఇదొక్కటే చాలు.

హైకోర్టులో రిట్ పిటిషన్‌కు రాజ్యాంగం 226వ అధికరణం ఏ గడువూ పెట్టలేదు. అయినా అకారణంగా ఆలస్యం చేసినవారికి సాయపడటానికి కోర్టులు నిరాకరించవచ్చు. సివిల్ దావాకు ఉన్న గడువును సమంజసమైన ఆలస్యానికి కొలతగా తీసుకోవచ్చని 1964లో భాయిలాల్ భాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు లేని ఈ మార్గానికి దూరమే గడువు: శ్రీకాకుళం నుంచి అమరావతిలోని హైకోర్టుకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం, దానికి తోడు వకీలు ఖర్చు.

అన్నిటికంటే చిన్న గడువు బ్యాంకుది. లీకైన వేలిముద్రతోనో ఖాతా వివరంతోనో డబ్బు పోతే, 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుడి మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే పరిమిత భారం పడుతుంది. ఆ తర్వాత బ్యాంకు విధానమే శరణ్యం. ఇక్కడ లెక్క బ్యాంకు నుంచి కబురు అందిన నాటి నుంచి నడుస్తుంది కాబట్టి, ఫోన్ నంబరు మారిన విషయాన్ని బ్యాంకుకు చెప్పని వలస కూలీకి ఈ రక్షణ సన్నగిల్లుతుంది.

కార్యాలయం మీద నడిచే గడువులు

గడువు పౌరుడి మీదే ఉంటుందన్న భావన సరికాదు. కార్యాలయం మీద నడిచే గడువులూ ఉన్నాయి. వాటిలో జనానికి బాగా పరిచయమైనది 2005 సమాచార హక్కు చట్టం. తన ఫైలు ఎవరెవరు చూశారో, తన వివరాలను ఏ శాఖకు ఇచ్చారో అడిగే పౌరుడికి పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు, దాన్ని 30 రోజుల్లో, కారణం రాసి గరిష్ఠంగా 45 రోజుల్లో తేల్చాలి. ఆపై రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా అధికారి జేబు నుంచి జరిమానా పడవచ్చు. ఈ చట్టంలో మెచ్చుకోదగిన మరో నియమం ఉంది: తప్పు కార్యాలయంలో వేసిన దరఖాస్తును ఆ కార్యాలయమే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి. పంచాయతీదా, శాఖదా, సర్వరు నడిపేవారిదా అన్న తగవుతో పౌరుడి గడువు కరగకుండా చూసే నియమం ఇదే.

రెండోది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. సమాచారం ఎవరిదో ఆ వ్యక్తిని ఈ చట్టం ‘డేటా ప్రిన్సిపల్’ అని, ఆ సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థను ‘డేటా ఫిడ్యూషియరీ’ అని పిలుస్తుంది. రెండో మాటకు నమ్మి అప్పగించిన సొత్తును కాపాడవలసిన ధర్మకర్త అన్న భావం ఉంది. పథకం, ధ్రువపత్రం, లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వ సంస్థలు కొన్ని షరతులకు లోబడి అంగీకారం లేకుండానే సమాచారాన్ని వాడుకోవచ్చు. ఆ షరతుల్లో అవసరమైనంతే సేకరించడం, భద్రంగా ఉంచడం, ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారి వివరాలు ఇవ్వడం ఉన్నాయి. 2025 నవంబరులో వెలువడిన నియమాల ప్రకారం ఫిర్యాదును సంస్థ గరిష్ఠంగా 90 రోజుల్లో పరిష్కరించాలి. సమాచారం లీకైతే బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరం ఇవ్వాలి. సంస్థ దగ్గర ఫలితం దక్కనివారే బోర్డుకు వెళ్లాలి. బోర్డు ఆరు నెలల్లో విచారణ ముగించాలి, అవసరమైతే మూడేసి నెలల చొప్పున పొడిగించుకోవచ్చు. బోర్డు ఉత్తర్వు మీద 60 రోజుల్లో టెలికాం వివాదాల అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే సంస్థల బాధ్యతలకు సంబంధించిన నియమాలు ప్రకటించిన నాటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో, అమలులోకి వచ్చేలా ఏర్పాటు జరిగింది.

కొత్త చట్టంలోని ఖాళీలు

ఈ చట్టం ఫిర్యాదు చేయడానికి పౌరుడికి స్పష్టమైన గడువు ఏదీ పెట్టలేదు. పైకి ఇది ఉదారంగా కనిపిస్తుంది. కాలపరిమితి చట్టం కోర్టులకే గాని కోర్టులు కాని విచారణ సంస్థలకు వర్తించదని 2015లో ఎం.పి. స్టీల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, అయిదేళ్ల తర్వాత వచ్చిన ఫిర్యాదును కూడా బోర్డు తీసుకోవచ్చని వాదించవచ్చు. అయితే గడువు రాసి లేని చోట ‘చాలా ఆలస్యమైంది’ అని తిప్పిపంపే విచక్షణ ఎప్పుడూ పొంచి ఉంటుంది, దానిని ఎదుర్కోవడానికి పౌరుడి చేతిలో అంకె ఉండదు.

అంతకంటే ముఖ్యమైన ఖాళీ సాక్ష్యానిది. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు తెరిచారో కంప్యూటరు తనంతట తాను రాసుకునే జాబితాను లాగ్ అంటారు. ఈ లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలని కొత్త నియమాలు చెబుతున్నాయి. ఆ పైన ఉంచాలన్న సాధారణ విధి లేదు. చట్టంలో గడువు లేకపోయినా, ఏడాది తర్వాత లాగ్ చెరిపేస్తే ఫిర్యాదుకు ప్రాణం పోయినట్టే. రాయని గడువు ఒకటి యంత్రంలో నడుస్తుందన్నమాట.

మూడో ఖాళీ కాగితానిది. ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న లేదా తర్వాత డిజిటల్ చేసిన సమాచారానికే వర్తిస్తుంది. సచివాలయం బల్ల మీద కుప్పపడిన ఆధార్ జిరాక్సు కాపీ కంప్యూటరులోకి ఎక్కకుండానే దుర్వినియోగమైతే దీని పరిధిలోకి రాదు. నాలుగోది పరిహారానిది. బోర్డు విధించే జరిమానా, భద్రతా లోపానికి 250 కోట్ల వరకు ఉండవచ్చు గాని, అది ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది, బాధితుడికి రూపాయి రాదు. సమాచార సాంకేతిక చట్టం 43ఎ సెక్షన్ పరిహారానికి వీలిస్తుంది, అదీ వ్యాపార సంస్థల మీదే, పంచాయతీల మీద కాదు. కొత్త చట్టం పూర్తిగా అమలైతే ఆ సెక్షన్ కూడా తొలగుతుంది. బోర్డు విచారించగల అంశాలపై సివిల్ కోర్టు దావాలు తీసుకోరాదని 39వ సెక్షన్ చెబుతున్నది కాబట్టి, కోయిలకుంట్ల కేసు తెరిచిన దావా మార్గం సమాచార నష్టం విషయంలో ఎంతవరకు మిగులుతుందన్నది కోర్టులు తేల్చవలసిన ప్రశ్న.

బ్రిటన్ అనుభవం

తెలుగువారు గణనీయంగా స్థిరపడిన బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్ల మీద ఇలాంటి ఫిర్యాదులు నిత్యకృత్యం కాబట్టి అక్కడి గడువులు పోలికకు పనికివస్తాయి. కౌన్సిల్ తన దగ్గర ఉన్న సమాచారాన్ని అడిగినవారికి నెల రోజుల్లో ఇవ్వాలి. సమాచార కమిషనర్ కార్యాలయం, కౌన్సిల్‌తో చివరి ముఖ్యమైన ఉత్తరప్రత్యుత్తరం జరిగిన మూడు నెలల్లోగా తన వద్దకు రమ్మని కోరుతుంది. ఇంగ్లండ్‌లో స్థానిక పాలన అంబుడ్స్‌మన్ సాధారణంగా సంగతి తెలిసిన పన్నెండు నెలల్లోపు ఫిర్యాదులనే తీసుకుంటాడు. కోర్టులో దావాకు ఆరేళ్లు. 2025లో వచ్చిన డేటా చట్టం, ఫిర్యాదు అందినట్టు సంస్థలు 30 రోజుల్లో తెలియజేయాలన్న బాధ్యతను చేర్చింది. ఈ అంకెల కంటే గమనించదగినవి రెండు సూత్రాలు: అంబుడ్స్‌మన్ లెక్క తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, కమిషనర్ లెక్క చివరి జవాబు నుంచి మొదలవుతుంది. జవాబివ్వకుండా నాన్చిన కార్యాలయం తన నాన్పుడుతోనే పౌరుడి గడువును తినేయడానికి రెండో సూత్రం వీలివ్వదు.

గడువు ఉండాలా, ఉంటే ఏ రోజు నుంచి?

గడువే వద్దనేవారి వాదన బలమైనదే గాని సంపూర్ణం కాదు. పదేళ్ల తర్వాత వచ్చిన ఫిర్యాదును విచారించడానికి అప్పటి ఉద్యోగి బదిలీ అయి ఉంటాడు, యంత్రం మారి ఉంటుంది, సాక్ష్యం చెదిరి ఉంటుంది. చిన్న పంచాయతీ ఏనాటి తప్పుకో నిరంతరం సంజాయిషీ చెప్పుకునే స్థితి పాలనకూ మంచిది కాదు. కాబట్టి గడువు ఉండటం అన్యాయం కాదు. అది ఎంత అన్నదాని కంటే ఏనాటి నుంచి నడుస్తుంది అన్నదే న్యాయాన్ని నిర్ణయిస్తుంది.

దీనికి కావలసిన పనిముట్లు కాలపరిమితి చట్టంలోనే ఉన్నాయి. మోసం వల్ల గాని, హక్కుకు ఆధారమైన పత్రాన్ని మోసంతో దాచడం వల్ల గాని దావా హక్కు మరుగునపడితే, అది బయటపడిన నాటి నుంచే గడువు మొదలవుతుందని 17వ సెక్షన్ చెబుతుంది. కొనసాగుతున్న తప్పుకు క్షణక్షణం కొత్త గడువు పుడుతుందని 22వ సెక్షన్ చెబుతుంది. వెబ్‌సైటులో ఆధార్ సంఖ్య కనబడుతున్నంతకాలం, గోడ మీద జాబితా ఉన్నంతకాలం తప్పు కొనసాగుతున్నట్టే చూడటం న్యాయం. అప్పీళ్లలో, దరఖాస్తుల్లో సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షన్ ఉంది. ఈ మూడు సూత్రాలను డేటా బోర్డు, మానవ హక్కుల కమిషన్, సచివాలయాల ఫిర్యాదు వ్యవస్థ తమవిగా చేసుకోవచ్చు.

పారదర్శకతకు భంగం కలుగుతుందేమో అన్న సందేహానికి కూడా జవాబు చెప్పాలి. సామాజిక తనిఖీలో దేశానికి దారి చూపిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎవరికి ఎన్ని పనిదినాలు, ఎంత కూలి అన్నది గ్రామసభలో చదివి వినిపించడం వల్లనే ఎన్నో దొంగ మస్టర్లు బయటపడ్డాయి. పేరు, పనిదినాలు, మొత్తం బహిరంగం కావడం అవసరం. ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, జబ్బు పేరు బహిరంగం కావడం ఏ తనిఖీకీ అవసరం లేదు. ఈ గీత గీయగలిగితే సమాచార హక్కుకూ గోప్యతకూ పోరు ఉండదు.

ముగింపు

ఈ సమీక్ష తేల్చినది ఇది: సమాచారం దారి తప్పినప్పుడు భారతీయ చట్టాల్లో మూడు పనిదినాల నుంచి మూడేళ్ల వరకు వేర్వేరు గడువులు ఉన్నాయి; వాటిలో 72వ అధికరణం కింది దావాకు, మానవ హక్కుల కమిషన్‌కు సంబంధించినవి జరిగిన రోజును, క్రిమినల్ చట్టం తెలిసిన రోజును లెక్కకు తీసుకుంటున్నాయి; కొత్త డేటా చట్టం కార్యాలయానికి 90 రోజుల గడువు పెట్టి, పౌరుడి గడువు గురించి మౌనం వహించింది. వలస వెళ్లిన మత్స్యకారుడికి, ఉద్దానం డయాలసిస్ రోగికి న్యాయం జరగాలంటే ఆ మౌనాన్ని తెలిసిన రోజు అన్న సూత్రంతో నింపాలి, ఫిర్యాదు అందగానే దానికి సంబంధించిన లాగ్‌లను విచారణ ముగిసేదాకా చెరపకుండా ఉంచాలి, తప్పు కార్యాలయానికి వచ్చిన అర్జీని అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలన్న నియమాన్ని ఇక్కడా అమలుచేయాలి, జబ్బును పట్టించే పింఛను జాబితాలను గోడలకెక్కించడం మానాలి. వీటిలో చివరిదానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. పురపాలక కమిషనర్ల, పంచాయతీ కార్యదర్శుల ఆదేశం చాలు.

పౌరుడు చేయగలిగినది కూడా ఉంది. సంగతి తెలిసిన రోజును, తెలిసిన విధాన్ని కాగితం మీద రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గాని సచివాలయంలో గాని అర్జీ ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. గోడ మీది జాబితాకో, తెర మీది పేజీకో తేదీతో కూడిన ఫొటో ఉంచుకోవాలి. డబ్బు పోతే ముందు బ్యాంకుకు, సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరుకు చెప్పాలి. నోటు వెనుక జమ రాయించుకోవడం తెలిసిన నేల ఇది. అర్జీకి తేదీ ఉన్న రసీదు లేకుండా కార్యాలయం మెట్లు దిగకూడదన్న జాగ్రత్త కూడా ఇక్కడ ఇంటింటి అలవాటు కావాలి.